పక్కకు జరగమన్న మనిషి

2006లో మాట. అప్పటికి అశ్వారావుపేటలో నేను ఫొటో స్టూడియో పెట్టి తొమ్మిదేళ్లు. ముందు భాగంలో మా నాన్న కిరాణా కొట్టు, వెనక గదిలో నా స్టూడియో. కొట్టుకు చింతపండు, కుంకుడుకాయలు అమ్మడానికి వచ్చిన గూడేల వాళ్లు ఆ చేత్తోనే లోపలికొచ్చి ఒక పాస్‌పోర్టు సైజు దిగి పోయేవారు. నేను పెరిగిందంతా గల్లాపెట్టె పక్కనే. గిరాకీతో ‘లేదు’ అనకూడదని, ‘తెలియదు’ అసలే అనకూడదని మా నాన్న నేర్పాడు. అడిగిన సబ్బు లేకపోతే దాని పక్క సబ్బు చేతిలో పెట్టాలి. ఈ విద్య ఫొటోలకు కూడా పనికొచ్చింది. కళ్లు మూసిన పెళ్లికొడుకు ఫొటోను ‘సిగ్గుపడుతున్నాడు, ఎంత బాగుందో’ అని అంటగట్టిన చరిత్ర నాది.

ఆ రోజుల్లో స్టూడియోల్లో రంగుల పరదాలు పోయి ఫ్లెక్సీలు వస్తున్నాయి. ఖమ్మంలో ఫ్లెక్సీలు వేసే ఒకాయన సముద్రాలు, కొబ్బరితోటలు, దీవులు కావాలని, అండమాన్ వెళ్లి తీసుకురమ్మని నన్ను అడిగాడు. వీటిని మా పనిలో బ్యాక్‌గ్రౌండ్లు అంటాం, అంటే మనిషి వెనక కనిపించే దృశ్యం. దానికి ఒకటే షరతు, క్లీన్ ఫ్రేమ్. బొమ్మలో మనిషి, కుక్క, పడవ, ఆఖరికి తెగిన చెప్పు కూడా ఉండకూడదు. రేపు దాని ముందు కొత్త జంట నిలబడితే వాళ్ల భుజం వెనక ఎవడో బీడీ తాగుతూ కనిపించకూడదు కదా. ఖర్చుల దగ్గర ఆయనతో రెండు పూటలు బేరమాడి గెలిచాననుకున్నాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, తిరుగు ఓడలో భోజనం సంగతి అసలు మాట్లాడనే లేదని.

నేను వెళ్తున్న సంగతి ఊరంతా పాకింది. బయలుదేరే ముందు వారం కన్నమ్మ వచ్చింది. అడవి అంచు గూడెం మనిషి, నలభై ఏళ్లుంటాయి. పామాయిల్ తోటల్లో గెలల కింద రాలిన పండ్లు ఏరే కూలికి పోతుంది. మా నాన్నను సావుకారు అనేది కాబట్టి నేను చిన్న సావుకారును.

“చిన్న సావుకారూ, సముద్రంల దీవులకు పోతున్నవంట గదా?”

“అవ్ కన్నమ్మా. ఏమన్న తేవాల్నా? గవ్వలు గిట్ల?”

“గవ్వలు నాకెందుకు. మా అన్న ఆడ ఉన్నడు.”

పైట కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి బోటులో సగం రోజు దూరమున్న ఒక దీవి పేరు రాసి ఉంది. అన్న పేరు సోమయ్య. పదకొండేళ్ల కింద ఒక మేస్త్రీ వెంట తోట పనికి వెళ్లాడు. తర్వాత మేస్త్రీ చనిపోయాడు, కబురు తెగిపోయింది. ఇన్నేళ్లయినా రాలేదంటే లేనట్టేనని, ఈ ఎండాకాలం సోమయ్యకు దినాలు చేసేయాలని గూడెం పెద్దలు అంటున్నారు. కన్నమ్మ ఒక్కతే ఒప్పుకోవడం లేదు.

“ఉన్నోనికి దినం జేస్తే ఎట్ల?” అంది. “నువ్వు దొరకవట్టి తేనక్కర్లే. కనవడితే ఉన్నడని చెప్పు. కనవడకపోతే ఆ జాగ ఫొటో తీస్కరా. మనిషి మళ్ల రాకుండ పట్టుకునే జాగ ఎట్లుంటదో చూస్త.”

“గుర్తేంది మీ అన్నకు?”

“తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు. ఎడమ కాలు ఈడుస్తడు.”

అన్నకు చూపించడానికి ఆమెకొక ఫొటో తీస్తానన్నాను. స్టూడియోలో సముద్రం పరదా ముందు నిలబెట్టబోతే వెనక్కి తిరిగి చూసి, “సముద్రం ఆడ ఆయనకు శానా ఉంది. మా ఇంటికి రా” అంది. వెళ్లాను. గుమ్మం ముందు ఇప్పచెట్టు మొదలు పట్టుకుని నిలబడింది. చెట్టు పూర్తిగా ఫొటోలో పడేదాకా నన్ను వెనక్కి వెనక్కి నడిపించి పక్కవాళ్ల కోళ్ల గూటి మీద కూర్చోబెట్టింది. నా జీవితంలో గిరాకీ చెప్పిన చోట నిలబడి తీసిన ఫొటో అదొక్కటే.

విశాఖ నుంచి ఓడలో మూడు రోజులు, దీవుల్లో పందొమ్మిది రోజులు. దీవులు అందంగానే ఉన్నాయి. తెల్లవారక ముందే ట్రైపాడ్, అంటే కెమెరా కదలకుండా నిలిపే మూడు కాళ్ల స్టాండు, భుజాన వేసుకుని ఇసుకలో నడిచేవాణ్ణి. ఒడ్డు ఖాళీగా ఉంటే తీయడం, లేకపోతే ఖాళీ అయ్యేదాకా కూర్చోవడం. అంత సముద్రం ముందు కూర్చుని నేను ఎదురుచూసింది మనుషులు వెళ్లిపోవడం కోసమే.

నన్ను ఎక్కువ కుంగదీసింది బేరం లేకపోవడం. బోటుకు బోర్డు మీద రేటు, గదికి బోర్డు మీద రేటు, అన్నానికి బోర్డు మీద రేటు. మా కొట్లో బేరమంటే తగ్గించుకోవడం ఒక్కటే కాదు. మీ అమ్మాయి కాన్పు ఎట్లయింది, వాన పడ్డదా, మీ బర్రె దొరికిందా, ఇవన్నీ అయ్యాకే చింతపండు తూకానికి వస్తాం. ఇక్కడ వేలు చూపిస్తే అరటిపండు చేతిలో పెట్టేవారు. నాకొచ్చిన హిందీ ‘కిత్నా’ దగ్గర మొదలై ‘ఠీక్ హై’ దగ్గర అయిపోయేది. పదో రోజుకు నాతో నేనే మాట్లాడుకోవడం మొదలుపెట్టాను. ‘ఈ కొబ్బరిచెట్టు ఎంతకిస్తవ్ రా’ అని కెరటాన్ని అడిగి, అది ఏమీ అనకపోతే ‘పోనీ నీ మాటే’ అనుకున్న సందర్భం కూడా ఉంది.

పద్నాలుగో రోజు కన్నమ్మ కాగితంలోని దీవికి చేరాను. బోటు దిగేసరికి మధ్యాహ్నం మూడు. అక్కడ ఐదింటికల్లా సూర్యుడు మునుగుతాడు. తిరుగు బోటు మర్నాడు పొద్దున ఆరింటికి, అది పోతే మళ్లీ నాలుగు రోజులకు. రేవు దగ్గర టీ కొట్టాయనకు కన్నమ్మ ఫొటో చూపించి, సోమయ్య పేరు చెప్పి, నేనే ఒక కాలు ఈడ్చి నడిచి చూపించాను. ఆయన తల గోక్కున్నాడు. తెలుగు కూలీలు ఉండేది దీవికి అవతలి వైపు తోటలో అని, నడిస్తే గంటన్నర అని చేతులతో చెప్పాడు.

గంటన్నర పోతే వెలుగు పోతుంది. పడమటి ఒడ్డు ఇవతలి వైపునే ఉంది, మబ్బులు కూడా బాగా కుదిరాయి. మనసులో తక్కెడ ఒకవైపుకు ఒరిగింది. కన్నమ్మ ఫొటో, నా స్టూడియో కార్డు టీ కొట్టాయన చేతిలో పెట్టి, ఆ తోట మనుషులు వస్తే చూపించమని చెప్పి ఒడ్డుకు నడిచాను. పని అప్పగించాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను కూడా.

నేను ఎంచుకున్న చోట ఒక మనిషి కూర్చుని కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. లుంగీ, తలకు గుడ్డ, ఎండకు కమిలిన వీపు. చెయ్యి ఊపి “సైడ్, భాయ్, సైడ్” అన్నాను. ఆయన నా వైపు కాసేపు చూశాడు. ఏదో అనబోయినట్టు అనిపించింది. నేను మళ్లీ చెయ్యి ఊపాను. కాయలు గోనెలో వేసుకుని లేచాడు. నేను వ్యూఫైండర్‌లో, అంటే కెమెరా కిటికీలో, కన్ను పెట్టి ఫ్రేమ్ ఖాళీ అయ్యేదాకా ఆగాను. ఖాళీ అయ్యింది. తీశాను. పందొమ్మిది రోజుల్లో అంత మంచి బొమ్మ మరొకటి పడలేదు. తల ఎత్తేసరికి ఒడ్డున నేనొక్కణ్ణే ఉన్నాను.

తిరిగి వచ్చాక ఖమ్మం ల్యాబ్‌లో టెస్ట్ ప్రింట్లు తీయించాను. రంగులు సరిచూసుకోవడానికి అంచులు కోయకుండా తీసే చిన్న ప్రింట్లు అవి. ఫిల్ము కెమెరాలో ఒక ఇబ్బంది ఉంది. కిటికీలో కనిపించే దానికంటే అంచుల్లో ఇంకొంచెం ఎక్కువే ఫిల్ము మీద పడుతుంది. ఆ ఒడ్డు ఫొటోలో ఎడమ అంచున కొమ్మకు గోధుమరంగులో ఏదో వేలాడుతూ పడింది. డబ్బానో, ఎండిన కాయో అనుకున్నాను. కంప్యూటర్లో క్లోన్ టూల్‌తో, అంటే పక్కనున్న ఆకులనే దాని మీద అద్దే పనిముట్టుతో, రెండు నిమిషాల్లో తుడిచేశాను. ఫ్లెక్సీల ఆయన మెచ్చుకున్నాడు.

కన్నమ్మ వచ్చిన రోజు తుడిచినదాన్ని పెద్దగా తీయించి ఇవ్వచ్చు. నా చెయ్యి ఎటు పోతుందో మీకు తెలిసే ఉంటుంది. పనైపోయిన టెస్ట్ ప్రింటు డ్రాయర్లో ఉంటే కొత్తది ఎందుకని అదే తీసి ఇచ్చాను.

“ఇదే ఆ జాగ. మీ అన్న కనవడలే. నీ ఫొటో ఆడ ఇచ్చి వచ్చిన” అన్నాను.

ఆమె గుమ్మంలో వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. “మంచిగనే ఉంది” అంది. తర్వాత చూపుడువేలు ఎడమ అంచు మీద ఆగింది.

“సొరబుర్ర.”

“ఏంది?”

“నీళ్ల బుర్ర గాదా ఇది. ఎండినంక లోపలి గుజ్జు తీసి నీళ్లు వోసుకుంటం. మెడకు తాడు జూడు, ఎట్ల కట్టిండో. అమ్మ గట్లనే కట్టేది.”

నెగెటివ్‌లు చూసే భూతద్దం ఇచ్చాను. బుర్ర మెడ మీద కాల్చిన గీతలు మూడు ఉన్నాయంది, మూడూ వాళ్లమ్మ గుర్తేనంది. నేనూ చూశాను. నాకు నల్లటి మరక కనిపించింది. మూడంటే మూడు, ఒకటంటే ఒకటి.

“ఈడ ఎవ్వరు లేకపాయెనా?”

“ఒకాయన ఉండె. కొబ్బరికాయలు ఒలుస్తుండె. ఫొటోల పడతడని పక్కకు జరగమన్న.”

“ఏమన్నడు?”

“ఏమనలే. లేచి పోయిండు.”

ప్రింటు నుంచి కళ్లెత్తి నన్ను చూసింది. “నడిచి పోయిండు గదా. కాలు ఈడ్చిండా?”

కొట్టు వైపు నుంచి మా నాన్న ఎవరికో పప్పు బాగోగులు చెబుతున్న గొంతు వినిపిస్తోంది. ‘అవ్, ఈడ్చిండు’ అన్న మాట నా నాలుక మీదే ఉంది. అంతకంటే పెద్దవి ఎన్నో అమ్మాను. ఆ ఒక్క మాట ఇస్తే ఆమె సంతోషంగా వెళ్తుంది, గూడెంలో దినాలు ఆగిపోతాయి, నా పని కూడా పూర్తిచేసినట్టు అవుతుంది. కానీ నాకు గుర్తున్నదేమిటంటే ఆ రోజు షట్టర్ స్పీడు ఎంత పెట్టానో, మబ్బు ఎటు కదిలిందో, ఫ్రేమ్ ఖాళీ కావడానికి ఎంతసేపు పట్టిందో. ఇప్పుడు ఆలోచిస్తే చాలాసేపే పట్టింది. గోనె బరువై నెమ్మదిగా నడిచాడా, కాలు సాగక అట్లా నడిచాడా, నేను చూడలేదు. పద్నాలుగు రోజులు తెలుగు మాట కోసం మొహం వాచిన వాణ్ణి, ఆ మనిషి ఏదో అనబోతే చెయ్యి ఊపి వెళ్లగొట్టాను.

“తెల్వదు కన్నమ్మా. నేను చూడలే.”

గిరాకీతో ఆ మాట అనడం నాకదే మొదటిసారి. తిడుతుందనుకున్నాను. ఆమె ప్రింటును కొంగులో చుట్టుకుంది.

“చూడలేదు, సరే” అంది. “లేడనైతే అనలేదు గదా.”

పెద్దది తీయించి ఇస్తానన్నాను, ఊరికే ఇస్తానన్నాను. కంప్యూటర్లో తుడిచిన బొమ్మ చూపించాను. ఒక్కసారి చూసి, “దీంట్ల ఎవ్వరు లేరు గదా” అని వెళ్లిపోయింది. ఆ ప్రింటు పెద్దల ముందు పెట్టిందట. ఆ ఎండాకాలం దినాలు చేయలేదు. టీ కొట్టు చిరునామాకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. కన్నమ్మ కూలి దారిలో మా కొట్టు ముందు నుంచి పోయేటప్పుడు లోపలికి చూసేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఆమె నడుచుకుంటూ పోయేది.

బ్యాక్‌గ్రౌండ్లు తర్వాత కూడా చాలా తీశాను. పద్ధతి మాత్రం మార్చుకున్నాను. ఎవరినైనా పక్కకు జరగమనే ముందు వాళ్లున్నట్టుగానే ఒకటి తీస్తాను. జరిగేటప్పుడు కెమెరా నుంచి కన్ను తీసి, ఎట్లా నడుస్తున్నారో కనుమరుగయ్యేదాకా చూస్తాను. ఈలోపు ఒక్కోసారి వెలుగు పోతుంది.