ఆడబిడ్డ చేతి మజ్జిగ

నాకు మందు పడదు. ఈ చిన్న మాటను ఎంతమందికి ఎన్ని రకాలుగా చెప్పానో, చెప్పిన ప్రతిసారీ ఎలాంటి మొహాలు చూశానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వంకాయ పడదంటే అయ్యో పాపం అంటారు. రొయ్యలు పడవంటే ఇంకో కూర వండి పెడతారు. మందు పడదంటే మాత్రం సగం మంది 'మంచిదే అయింది' అంటారు, మిగిలిన సగం మంది 'నాటకాలు' అంటారు. అసలు నీ ఒంటికి ఏమైందమ్మా అని అడిగిన పుణ్యాత్ములు లేరు.

ముందే చెబుతున్నాను, నేను తాగేదాన్ని. మాది నల్లగొండ వైపు పల్లె. మా నాయనమ్మ పొద్దుగూకే వేళ అరుగు మీద కూర్చుని అందరి ఎదుటా కల్లు తాగేది. అందులో దాచుకోవాల్సిందేమీ ఉందని మాకెవరికీ తెలియదు. పెళ్లై సరూర్‌నగర్ వస్తే అత్తగారింట్లోనూ అదే పద్ధతి. బోనాల నాడు అమ్మవారికి బోనం సమర్పించి, వేపాకులేసిన పసుపు నీళ్ల సాక పోసి ఇంటికి వచ్చాక మగవాళ్లు మిద్దె మీదికి పోతారు, ఆడవాళ్లం లోపలి గదిలో చాపల మీద చేరతాం. ఇంటి ఆడబిడ్డ, అంటే నా భర్తకు అక్క, నాకు వదిన, మధ్యలో కూర్చుని గ్లాసులు నింపి ఒక్కొక్కరికీ తన చేత్తో అందిస్తుంది. ఎంగిలి విషయంలో ఆమెకు మహా పట్టింపు. కన్నబిడ్డలు తాగిన గ్లాసు కూడా ముట్టదు. ఎవరి గ్లాసు వాళ్లదే. ఆమె ఇచ్చిన గ్లాసును మాత్రం వద్దనకూడదు. వద్దంటే మందును కాదన్నట్టు కాదు, ఆడబిడ్డను కాదన్నట్టు.

చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్‌కి మెస్ నడుపుతాను. కోడి కూయకముందే లేచి ఇడ్లీ పిండితో మొదలుపెడితే పొద్దంతా గిన్నెల మోతే. ఏడాది పొడుగునా అందరికీ నేను వడ్డిస్తే, బోనాల నాటి ఆ ఒక్క మధ్యాహ్నం నాకు ఇంకొకరు అందిస్తారు. రెండు గుక్కలు లోపలికి పోయాక వదిన మా మామగారి నడకను అనుకరించి చూపిస్తుంది, మేమంతా నవ్వలేక ఒకరి మీద ఒకరు పడతాం. "నువ్వు మరదలువు గాదే, నా సోపతివి" అని నా భుజం మీద చెయ్యేసి కూర్చుంటుంది. ఆ గదిలో ఆమె పక్కన చోటు నాది. నాకు కావాల్సిందల్లా ఆ చోటే.

నలభై దాటాక ఒక దావత్‌లో సగం గ్లాసు బీరు తాగానో లేదో మొహం కుంకుమలా ఎర్రబడింది. మెడ నిండా దద్దుర్లు లేచాయి, ముక్కు బిగుసుకుపోయింది. కొత్త గొలుసు పడలేదన్నారు ఒకరు. మటన్ వేడి చేసిందన్నారు ఇంకొకరు. గొలుసు తీసేశాను, మటన్ మానేశాను. తర్వాతిసారి మళ్లీ అదే. బీరు కాదులే అని విస్కీ రుచి చూస్తే ఇంకా ఘోరం. చివరికి మా ఊరి నుంచి వచ్చిన ఈతకల్లు, మా నాయనమ్మ ఆనవాలుగా మిగిలిన కల్లు, అది కూడా నన్ను తిప్పికొట్టింది. ఆ రోజు నిజంగా ఏడ్చాను. తాగుబోతు ఏడుపు కాదు, ఇంట్లోంచి ఎవరో వెళ్లగొట్టినట్టు ఏడ్చాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. మందు తాగితే ఇలా అవుతోందండీ అన్నాను. ఆయన రాసుకుంటూనే "మీవారు రోజూ తాగుతారా?" అన్నాడు. ఆయన కాదండీ, తాగేది నేను అన్నాను. అప్పుడు కళ్లద్దాలు పైకి జరుపుకుని నన్ను తేరిపార చూశాడు. కొందరికి పెద్దయ్యాక ఇలా రావచ్చని, ఒంటికి పడదని, ఒక్కోసారి గొంతు కూడా వాయవచ్చని, ఒక్క చుక్క కూడా ముట్టవద్దని చెప్పాడు. ఎందుకు వచ్చింది అంటే "ఎందుకైతేనేం, మంచిదే కదమ్మా" అని నవ్వాడు. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

అప్పటికి మేం ఎల్బీనగర్ దాటి ఒక కాలనీలోకి మారాం. మా పై వాటాలో భీమవరం వైపు నుంచి వచ్చిన ఆవిడ ఉంటుంది. మంచి మనిషే. మాటల్లో మాటగా ఈ సంగతి చెబితే దానిమ్మకాయ వలుస్తున్నదల్లా ఆగిపోయింది. "అదేంటండీ, మీరు తాగుతారా?" అంది. తాగేదాన్ని, ఇప్పుడు పడటంలేదు అన్నాను. "పోన్లెండి, దేవుడే మాన్పించాడు" అని మళ్లీ దానిమ్మకాయలో పడింది. దేవుడికి మాన్పించాల్సినవి లోకంలో ఇన్ని ఉండగా నా పండగపూట గ్లాసే కనిపించిందా? ఆమెతో పోట్లాడలేక కిందికి వచ్చేశాను.

ఇక మావాళ్లు. మాలో వద్దనడానికి ఒప్పుకున్న సాకులు కొన్ని ఉన్నాయి. మాల వేసుకుంటే సరే, పచ్చకామెర్లయితే సరే, కడుపుతో ఉంటే సరే. పడదు అనేది ఆ లెక్కలో లేదు. దావత్‌లో నేను గ్లాసు వద్దన్నప్పుడల్లా వదిన మొహం ముడుచుకునేది. "కాలనీల ఇల్లు దీస్కున్నంక మేడం అయినవే. మా చేతిది తాగితే నీ ఇజ్జత్ పోతదా?" అని ఒకసారి అందరి ముందూ అంది. మెడ మీద దద్దుర్లు ఫోటో తీసి చూపించాను. "దోమలు కుట్టినా గట్లనే అయితది" అంది. ఇటు తాగినందుకు తప్పు, అటు తాగనందుకు తప్పు. నా ఒళ్లు నాది అనే మాటకు రెండు చోట్లా విలువ లేదు.

ఆ ఏటి బోనాలకు ఎండ మండిపోతోంది. గుడి దగ్గర నుంచి నడిచి వచ్చేసరికి నాలుక పిడచకట్టింది. వదిన ఆ రోజు ఎందుకో ప్రేమగా ఉంది. "నీకు మందు ఒద్దు తియ్, సల్లగ మజ్జిగ తాగు" అని పెద్ద స్టీలు గ్లాసు నా చేతికిచ్చింది. అల్లం, కొత్తిమీర వాసన. కాస్త పులుపు ఎక్కువ. ఇన్నాళ్లకు అర్థం చేసుకుందని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గటగటా తాగేశాను.

కాసేపటికే పెదవులు మొద్దుబారాయి. చెవుల్లో హోరు. గొంతు లోపలి నుంచి ఎవరో గుప్పిట బిగిస్తున్నట్టు ఊపిరి సన్నబడిపోయింది. నా భర్త ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాడు. సూదుల మీద సూదులు పొడిచాక గాని ఊపిరి తిరగలేదు. కళ్లు తెరిచేసరికి మంచం పక్కన వదిన. కాళ్లకు పసుపు అలాగే ఉంది. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి చూపిస్తోంది. "గింతనే కలిపిన. కల్లు మందు గాదు గదనే, చెట్టు పాలు. ఒంట్లె వేడి దీస్తదని కలిపిన."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లంటారని సామెత. నా విషయంలో ఇంట్లో మజ్జిగ తాగినా కల్లే అయింది.

ఆమెకు నన్ను చంపాలని లేదు. ఆ మాత్రం నాకూ తెలుసు. మా ఇళ్లలో బాలింతకూ, కామెర్లవాడికీ కల్లు పోసిన పెద్దలున్నారు. సీసాలోది మందు, చెట్టుది ఆహారం అని వాళ్ల నమ్మకం. కాని నమ్మకం ఆమెది, గొంతు నాది. నన్ను మండించింది ఆ తర్వాత జరిగింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా నాకే బుద్ధి చెప్పారు. "గట్టిగ చెప్పాలె గదా" అన్నారు. ఇంకెంత గట్టిగా చెప్పాలి, మైకు పెట్టించాలా? నా భర్త కూడా "మా అక్క మనసుల ఏం లేదే, ఇడిసిపెట్టు" అన్నాడు. మనసులో లేదు, మజ్జిగలో ఉంది అన్నాను. ఆ రోజు నుంచి సరూర్‌నగర్ గడప తొక్కలేదు. వదిన ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మళ్లీ బోనాలు వచ్చాయి. ఇంట్లో కూర్చుని టీవీ పెట్టుకుందామనుకున్నాను. తప్పు వాళ్లది, చోటు పోగొట్టుకునేది నేనా అనిపించింది. చీర కట్టుకుని వెళ్లాను. నేను గదిలోకి వెళ్లేసరికి అంతా చాపల మీద చేరారు. వదిన పక్కన చోటు ఖాళీగానే ఉంది. ఎవరూ కూర్చోలేదో, ఆమె కూర్చోనివ్వలేదో తెలియదు. వెళ్లి కూర్చున్నాను. ఆమె అందరికీ గ్లాసులు అందించి, లేచి వంటింట్లోకి పోయి మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టింది.

గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాను. వాసన చూశాను. కావాలని చేయలేదు, ముక్కు దానంతట అదే పోయింది. ఆడబిడ్డ ఇచ్చిన గ్లాసును వద్దనడమే తప్పైతే, అందరి ముందూ వాసన చూడటం ఎంత తప్పో నాకు తెలుసు. గదిలో అందరూ చూశారు. వదిన కూడా చూసింది.

ఆమె చెయ్యి చాపింది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఒక గుక్క తాగింది. అంచు తుడవకుండా మళ్లీ నా చేతికిచ్చి "ఇగ తాగు" అంది.

తాగాను. కోపం పోలేదు, ఇప్పటికీ పోలేదు. కాని ఆ రోజు నుంచి చాయ్ ఇచ్చినా, మంచినీళ్లు ఇచ్చినా, ముందు తానొక గుక్క తాగి నాకిస్తుంది. అవసరం లేదు వదినా అని చెప్పవచ్చు. నేను ఇంతవరకూ చెప్పలేదు.