రాజు మేకుకు నా చీటీ

తాళాల గుత్తిని గోడమేకుకు తగిలిస్తే టంగుమంటుంది. ఆ చప్పుడు వింటే చాలు, నాకు హుస్సేన్ కాక గుర్తొచ్చి నవ్వొస్తుంది. డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో నేను కొత్తగా బొగ్గు నింపే పనిలో చేరినప్పుడు ఆయన మా బొగ్గుబాయి దీపాల గదిలో ఉండేవాడు. దిగేటప్పుడు మన నంబరున్న ఇత్తడి బిళ్ల ఆయనకిచ్చి దీపం తీసుకోవాలి, పైకొచ్చాక దీపమిచ్చి బిళ్ల తీసుకోవాలి. ఆయన గోడమేకులకు తగిలించిన బిళ్లల్లో ఒక్కటి మిగిలి ఉన్నా, డ్యూటీ అయిపోయినా సరే, ఆయన ఇంటికి కదిలేవాడు కాదు.

ఇంట్లోనూ అదే పద్ధతి. కాకకు యూరపు రాజుల పట్టాభిషేక పతకాల పిచ్చి. మంచిర్యాల పాత సామాన్ల అంగళ్లలోనూ, హైదరాబాదులోనూ వెతికి తెచ్చిన ఏడు పతకాలు క్వార్టరు గోడకు వరుసగా వేలాడేవి. ఎవరైనా ఒకటి పట్టుకెళితే ఆ మేకుకు వాళ్ల పేరు రాసిన చీటీ తగిలించేవాడు. వాటిలో మీసాల నార్వే రాజంటే ఆయనకు ప్రాణం. యంత్రాలు బిగించడానికొచ్చిన ఒక విదేశీ ఇంజినీరు వెంటపడి మరీ సంపాదించాడట. "గీ రాజు దేశంల ఎండకాలం పొద్దు మునగదంట. మనమేమో పొద్దుగాల దిగితే ఎండనే సూడం" అనేవాడు.

కాక ఇంట్లో రాజుల పతకాలున్నాయంటే నాతో పనిచేసేవాళ్లు నమ్మలేదు. నేను గొప్పలకు పోయి ఆ నార్వే రాజునే అడిగాను. "పైలం బిడ్డా" అంటూ కాక మల్లేశం అని నా పేరుతో చీటీ రాసి మేకుకు తగిలించాడు. మర్నాడు ఆయనకు చెప్పకుండా పతకాన్ని చొక్కా జేబులో వేసుకొని బాయిలోకి దిగాను. చొక్కా విప్పి, కప్పుకు ఊతంగా నిలిపిన కర్రకు తగిలించి పనిలో పడ్డాను. తిండికి ఆగినప్పుడు అందరికీ చూపిద్దామనుకున్నాను. అంతలోనే కప్పు చిటపటమంది. తట్టలు వదిలేసి అందరం పరుగెత్తాం. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, నేను పనిచేసిన చోటు మొత్తం కూలింది. దాన్ని అలాగే మూసేశారు. నా చొక్కా, రాజు లోపలే ఉండిపోయారు.

కప్పు కూలిన వార్త మాకంటే ముందే పైకి చేరింది. దీపాల గది కిటికీలో కాక నా బిళ్ల పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"కాకా, నీ రాజు లోపల్నే ఉండిపోయిండు" అని ఏడ్చేశాను.

ఆయన బిళ్ల నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"నీ బిళ్ల నీకు ముట్టింది గద. రాజు ఆడనే ఉండనియ్. ఇంకోపారి జేబుల ఏమన్న పెట్టుకొని దిగితే మాత్రం తంత."

నా చీటీని ఆ మేకు నుంచి ఆయన తీయనే లేదు. తీసెయ్యమని సిగ్గుతో ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు. ఎవరైనా అడిగితే "రాజు డ్యూటీల ఉన్నడు. ఆయన పైకొచ్చేదాక మల్లేశం ఈడ ఉంటడు" అనేవాడు. రిటైరై వెళ్లే రోజు ఆరు పతకాలూ మూటకట్టుకొని, చీటీ నా చేతికిచ్చాడు. తర్వాత నా కింద కూడా మనుషులు పనిచేశారు. వాళ్లలో చివరివాడు పైకొచ్చేదాకా నేను ఏనాడూ ఇంటిముఖం పట్టలేదు. ఆ చీటీ ఇప్పుడు మా తాళాల మేకుకే ఉంది. ఇదేందని మనవడు అడిగితే నేనూ అదే చెబుతాను.

"రాజు ఇంక డ్యూటీలనే ఉన్నడు బిడ్డా."