మాలిష్ మావయ్య లేవనివ్వడు

మాలిష్ మావయ్యకు ఒకటే జబ్బు. తన చాప మీద పడుకున్న మనిషిని లేవనిచ్చేవాడు కాదు. నొక్కడం పావుగంటలో అయిపోయేది. ఆ తరవాత మెడ దాకా దుప్పటి కప్పి, "కదలకు, కండ ఇంకా కుదురుకోలేదు" అని చెప్పి గుమ్మంలో స్టూలు వేసుకుని కాపలా కూర్చునేవాడు. గంటైనా అంతే, గంటన్నరైనా అంతే.

పక్క గదిలో ఇస్త్రీ దుకాణం నడిపే పెద్దావిడకు ఇది చూస్తే ఒళ్లు మండేది. ఆమె నోటికి జడవనివాళ్లు ఆ వీధిలో లేరు. అలాంటి ఆమె కూడా నోరు మూసుకుని చూసిన తగాదా ఒకటుంది.

ఆ రోజు గిడ్డంగిలో బస్తాలు మోసే కూలీ నడుం పట్టేసి చాప మీద ఉన్నాడు. ఇంతలో గిడ్డంగి మేస్త్రీ ఊడిపడ్డాడు.

"లేవరా. లారీ వచ్చి నిలబడింది."

మావయ్య స్టూలు మీంచి కదల్లేదు. "లేపుకోండి. కండ మీద పొర ఇప్పుడే వదులైంది. లేస్తూ లేస్తూ మళ్లీ పట్టేసిందంటే నెల్లాళ్లు మంచం. ఆ బస్తాలేవో మీరు మోస్తానంటే నాకేం అభ్యంతరం లేదు."

"పొరా లేదు, తెరా లేదు. అంతా నాటకం."

"లేదంటారా? ఇలా బోర్లా పడుకోండి. మీ వీపులోనే చూపిస్తాను."

మేస్త్రీ పంతానికి పడుకున్నాడు. మావయ్య అతని నడుం దగ్గర చర్మాన్ని బొటనవేళ్లతో మడతలా పట్టి, మెల్లగా మెడవైపు చుట్టుకుంటూ పోయాడు. ఒకచోట చర్మం కదలనని మొరాయించింది. మేస్త్రీ "అబ్బా" అన్నాడు.

"అదేనండీ పొర. అతుక్కుపోయింది," అని మావయ్య అక్కడ మోచెయ్యి ఆనించి ఊరికే ఉండిపోయాడు. రుద్దడం లేదు, పొడవడం లేదు. మైనం మెత్తబడేదాకా ఆగినట్టు ఆగాడు. లారీవాడు హారన్ కొట్టి కొట్టి విసిగి లోపలికి వచ్చేసరికి కూలీ, మేస్త్రీ పక్కపక్కనే గురక పెడుతున్నారు. మావయ్య పెదాల మీద వేలు పెట్టాడు. లారీవాడు చెప్పులు విడిచి గోడకు చేరగిలబడ్డాడు.

పోస్టుమ్యాన్ పిక్కలు నొక్కించుకున్న రోజున వీధి మొత్తానికి ఉత్తరాలు మర్నాడే. లెక్కల టీచరమ్మ మెడ నొక్కించుకున్న రోజున బడిపిల్లలకు ఆటవిడుపే.

"ఏమయ్యా, నువ్వు నొక్కేది కండలనా, ఊళ్లో గడియారాలనా?" అనేది పెద్దావిడ.

"రెండూ బిగుసుకునే ఉన్నాయి అక్కయ్యా," అనేవాడు.

ఆయన నెగ్గలేనిది ఆమె దగ్గరే. రోజంతా నిలబడి ఇస్త్రీపెట్టె తోసి తోసి ఆమె కోడలికి కుడి చెయ్యి పైకి లేవడం మానేసింది. "అరగంటలో వచ్చేస్తా అత్తయ్యా" అని మావయ్య దగ్గరికి వెళ్లింది. గంట దాటింది. దుకాణంలో బట్టల కుప్ప నడుమెత్తు పెరిగింది. పెద్దావిడ విసవిసా వెళ్లి గుమ్మంలో నిలబడి కోడలిని పిలిచింది.

"అక్కయ్యా, కండ ఇంకా..."

"నీ కండ సంగతి నాకు తెలుసులే. నా కోడలికి పగటినిద్రలు మప్పకు."

మావయ్య ఇంకో మాట అనేలోపే కోడలు లేచి కూర్చుంది. చెంప మీద చాప అచ్చు పడి ఉంది. జుట్టు ముడేసుకుంటూ, "నిద్రపోలేదు అత్తయ్యా" అంది. పెద్దావిడ రాజ్యం గెలిచినట్టు నడిచి వచ్చింది. కోడలు మళ్లీ ఆ గడప తొక్కలేదు. నొప్పి అని నోరెత్తనూ లేదు. ఎడమచేత్తో ఇస్త్రీ చేయడం అలవాటు చేసుకుంది.

ఏళ్లు గడిచాయి. ఈమధ్య మావయ్య బొటనవేళ్ల కీళ్లు అరిగిపోయాయి. మంచినీళ్ల గ్లాసు ఎత్తాలంటే రెండు అరచేతులూ కావాలి. పలకరించడానికి వెళ్లిన పెద్దావిడ ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్న ప్రశ్న అడిగేసింది.

"నిజం చెప్పు. ఆ గంటసేపూ పడుకోకపోతే కండ పట్టేస్తుందా?"

మావయ్య నవ్వాడు. "ఎందుకు పట్టేస్తుంది? పొర వదిలాక లేచి నాలుగడుగులు నడిస్తేనే ఇంకా మంచిది."

"మరి?"

"ఆ కూలీని ఇంట్లో పడుకోనిస్తారా, పనిలో పడుకోనిస్తారా? వైద్యం అంటే మాత్రం ఎవరూ నోరెత్తరు. నా దగ్గరికొచ్చేవాళ్లకు నొప్పి సగమైతే నిద్ర లేమి సగం. మీ కోడలైతే నేను చెయ్యి వేయకముందే నిద్రపోయింది. లేచాక నొక్కుదామని ఆగాను. ఆ భుజం నేను ముట్టుకోనేలేదు అక్కయ్యా."

ఆమెకు ఆ రోజు కుప్పలో ఉన్న బట్టలు ఎవరివో ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ చెంప మీద అచ్చు మాత్రం గుర్తొచ్చింది.

"అప్పుడే చెప్పి చావొచ్చుగా, తమ్ముడూ."

తమ్ముడూ అనడం అదే మొదటిసారి.

"చెబితే మీరు ఊరంతా చాటేవారు."

చాటేదే.

"రేపటినుంచి మా అన్న కూతురు నొక్కుతుంది," అన్నాడు మావయ్య. "వేళ్లు బంగారం. కానీ పిచ్చిపిల్ల, అబద్ధమాడటం రాదు. 'ఇక లేవొచ్చా' అని అడిగితే లేవమంటుంది. గుమ్మంలో ఒక నోరున్న మనిషి కావాలి. రేపు మీ కోడలిని తీసుకొచ్చి పడుకోబెట్టండి. తనంతట తను లేచేదాకా మీరే కాపలా కూర్చోవాలి."

పెద్దావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దాన్ని లేపడానికి దాని అత్త వస్తేనో?"

"ఆవిణ్ణి మాత్రం కాస్త గట్టిగా కసరండి."