కొంగు కింద చప్పట్లు

నిర్మల్ మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే పక్కావిడ వేయించిన పల్లీల పొట్లం విప్పింది. ఆ వాసనకు నా ఎనిమిదో ఏట కరీంనగర్‌లో, అవ్వ అని పిలిచే మా అమ్మ పక్కన కూర్చుని చూసిన ఆట గుర్తొచ్చింది.

ఆ రోజు మా ఊరికీ పెద్దపల్లికీ పోటీ. పెద్దపల్లి అవ్వ తల్లిగారి ఊరు. వాళ్లు గోల్ కొట్టగానే మావాళ్లంతా మూగబోయారు. అవ్వ ఒళ్లో కొంగు మాత్రం వణుకుతోంది. ఏడుస్తోందేమోనని కొంగు తొలగించాను. కింద రెండు చేతులూ చప్పుడు లేకుండా చప్పట్లు కొడుతున్నాయి!

పెళ్లయితే ఇంటిపేరుతోపాటు టీమూ మారుతుందనుకునేదాన్ని. నాకు ఒళ్లు మండింది.

"బాపూ, అవ్వ గాళ్ల దిక్కున్నది!" అని అవతల కూర్చున్న నాన్నతో అరిచాను.

బాపు నవ్వాడు. "నాకెప్పుడో ఎర్కే బిడ్డా. గట్టిగ కొట్టుమంటె సిగ్గువడ్తది."

"జర మెల్లగ! మంది ఇంటరు," అంది అవ్వ, నవ్వు ఆపుకుంటూ.

ఇప్పుడు నేను నిర్మల్ కోడల్ని. నా కూతురు నిర్మల్ జెండా ఊపుతోంది. ఇంతలో కరీంనగర్ గోల్ కొట్టింది. నా చేతులు ఎప్పుడు కొంగు కిందికి పోయాయో తెలియలేదు. బయటికి తీసి గట్టిగా కొట్టాను, అవ్వ కొట్టలేకపోయినవి కూడా.