దారం కట్టిన గుమ్మడి పువ్వు

ఆ వేసవంతా టైలరమ్మ చేతులు మిషను మీద, కళ్ళు పెరట్లోని గుమ్మడి పాదు మీద. అది అత్తగారి పుట్టింటి గుమ్మడి. మిగతా పాదులు ఎండకి సొమ్మసిల్లినా ఇది మధ్యాహ్నం కాస్త తలవాల్చి, సాయంత్రానికి లేచి కూర్చునేది. అచ్చం అత్తగారిలాగే.

ఆ గింజను అత్తగారు ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు. ఒక ఏడు పక్కింటి టీచరమ్మ వేసిన బజారు గుమ్మడి పుప్పొడి ఇంటి పాదు పువ్వులకి తగిలి, ఆ ఏడు దాచిన గింజల జాతి కలిసిపోయింది. వాటి నుంచి మొలిచిన మొక్కలు మొదటి ఎండకే మాడిపోయాయి. డబ్బా అడుగున మిగిలిన పాత గింజల్లో బతికి బట్టకట్టింది ఈ ఒక్కటే. ఇదీ పోతే ఆ వంశం అంతటితో సరి.

అందుకే టైలరమ్మ, మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొగ్గకీ మగ మొగ్గకీ సాయంత్రమే మూతి బిగించి దారం కట్టింది, తేనెటీగ దూరకుండా. పొద్దున్నే విప్పి, పుప్పొడి తనే అద్ది, మళ్ళీ కట్టేయాలి.

తెల్లారి చూస్తే పువ్వు బార్లా తెరుచుకుని ఉంది. లోపల తేనెటీగలు విందు చేసుకుంటున్నాయి.

"దారం ఎవరు తీశారు?"

పక్కనే భర్త, చిన్న కత్తెరతో. ఆవిడ కుట్టిన బట్టలకి వేలాడే దారాలు కత్తిరించడం ఆయన పని.

"వేలాడుతోంది కదా అని... చెయ్యి ఊరుకోలేదే."

"వీణ్ణి కన్నప్పుడే అనుకున్నాను!" కుర్చీలోంచి అత్తగారు.

టైలరమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ కాయ ఇక కూరకే, విత్తనానికి కాదు.

ఎండ ముదిరింది. ఆడ మొగ్గలు వరసగా రాలిపోయాయి. చివరికి ఒక్క ఆడ మొగ్గ నిలిచింది. కత్తెర లాక్కుని అత్తగారు కొంగున ముడేసుకుంది. టైలరమ్మ కట్టింది, పొద్దున్నే విప్పింది, అద్దింది, మళ్ళీ కట్టింది. పిందె నిలబడింది. ఆ ఎండలోనే బుగ్గలు పూరించుకుంటూ పెరిగి పండింది.

కాయ కోస్తే లోపల లావుపాటి గింజలు. అత్తగారు వాటిని ఒక్కొక్కటిగా నిమిరి చూసుకుంది. తర్వాత గుప్పెడు తీసి కోడలి చేతిలో పోసింది.

"టీచరమ్మకి ఇచ్చి రా."

"అత్తయ్యా! మీరేనా ఈ మాట అంటున్నది?"

"దాచి దాచి ఒక్క పాదుకి తెచ్చుకున్నాం. వీధంతా ఇదే కాస్తే ఇంక దేంతో కలుస్తుంది? ఎదురింటికీ ఇవ్వు."

టైలరమ్మ సంతోషం పట్టలేక చెప్పులు లేకుండానే గేటు దాటింది. వెనక నుంచి అత్తగారి కేక: "ఎలా పెంచాలో మాత్రం నన్నే అడగమను!"