షెడ్డులో ఎవరి మాట

పెద్దామెను పనిలోంచి పొమ్మన్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మియాపూర్ నుంచి పాలు పోసే ఆమె. "నీ షెడ్డుల మనిషినే తీసేసిన్రంట. నీకే తెల్వదా అమ్మా?" అంది, గిన్నెలోకి పాలు వంచుతూ. నిజంగానే నాకు తెలియదు.

అవి డెబ్బయ్యో దశకం మొదటి ఏళ్లు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు బండరాళ్లు, వాటి నడుమ ద్రాక్షతోటలు, అక్కడివాళ్ల మాటలో అంగూర్ తోటలు. అలాంటి ఒక తోటలో, గుత్తులు ఏరి పెట్టెలకెత్తే షెడ్డుకు నన్ను సూపర్‌వైజరుగా పెట్టారు. నేను బడి మొహం చూడలేదు. నాన్నగారు ఇంట్లో నేర్పిన చదువే. దానికే ఒక కుర్చీ దొరికిందని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. కుర్చీ అయితే ఇచ్చారు గానీ, ఆడవాళ్లకు పని మాత్రం ఎవరు పడితే వారు చెప్పేవారు. నేను ఒకటి చెబితే, యజమాని అటుగా పోతూ ఇంకొకటి, ఆయన బావమరిది మరొకటి. సాయంత్రానికి ఒంటికన్నా మనసుకే ఎక్కువ అలసట.

పెద్దామె బోరబండ నుంచి నడిచి వచ్చేది. షెడ్డులో అందరికంటే పాత మనిషి. ఇల్లంతా ఆమె కూలి మీదే గడిచేది. ముందురోజు మంచి గుత్తుల పెట్టెలన్నీ బొంబాయి లారీకి ఉంచమని ఆమెకు చెప్పి, నేను తోటలోకి వెళ్లాను. ఈలోగా బావమరిది జీపు తెచ్చి, తన చుట్టాలింటికని వాటినే ఎక్కించమన్నాడు. ఆమె ఎక్కించింది. లారీకి పెట్టెలు చాలలేదు. నేను ఇంటికి వెళ్లిపోయాక యజమాని కోపం ఆమె మీద పడింది. బావమరిది నోరు మెదపలేదట.

పాలగిన్నె లోపల పెట్టి నేరుగా మేనేజరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన, మాట తక్కువ. గేటు దగ్గర కూర్చుని ఉన్న పెద్దామెను పిలిచి, మమ్మల్ని ఇద్దరినీ యజమాని వరండాకు తీసుకెళ్లారు.

"లారీకని చెప్తే జీపుల ఎందుకేసినవ్?" అన్నాడు యజమాని.

"మీ బామ్మర్ది ఎయ్యమన్నడు దొరా. ఎయ్యకుంటె గూడ గిట్లనే పొమ్మంటుంటిరి గద. చెప్పెటోళ్లు మీరందరు, నాకున్నయేమో రెండు చేతులు."

మేనేజరు గారు మెల్లగా అందుకున్నారు. "ఆమెకు పైమనిషి ఈవిడండి. ఈవిడకు నేను, నాకు మీరు. మధ్యవాళ్లను దాటి చెబితే తప్పెవరిదో తేలదండి. తమరు కూడా నాకే చెప్పాలి."

"తోట నాది కాదా?"

"తమదేనండి. అందుకే చెబుతున్నాను."

యజమాని పెద్దామెకేసి చెయ్యి చూపాడు. "మరి ఈమెను ఉంచాల్నా, వద్దా?"

"అది ఈవిడను అడగాలండి," అని మేనేజరు గారు నా వైపు తిరిగారు.

నేను ఒక అడుగు ముందుకు వేశాను. "ఉంచాలండి. ఇకమీద షెడ్డులో ఏ పెట్టె తగ్గినా నన్ను అడగండి."

"సరే. మిమ్మల్నే అడుగుత," అని ఆయన లేచి వెళ్లాడు.

అన్నట్టే అడిగాడు. కుళ్లిన ప్రతి గుత్తికీ, ఆలస్యమైన ప్రతి లారీకీ నన్నే అడిగాడు. ఇంకొకరి వైపు వేలు చూపే వీలు నాకు ఇక లేకపోయింది. అధికారమంటే ఇంత బరువని అంతకుముందు ఎవరూ చెప్పలేదు. అయినా పెద్దామె పొద్దున్నే కొంగు నడుముకు చుట్టుకుని వస్తుంటే ఆ బరువుకూ దణ్ణం పెట్టాలనిపించేది. బావమరిది మళ్లీ జీపు తెచ్చినప్పుడు, "అమ్మకు చెప్పు సారూ," అని తలెత్తకుండానే అంది.

మేనేజరు గారైతే తన మాట ఎన్నడూ తప్పలేదు. ఆడవాళ్ల మధ్య నిలబడి కూడా పని సంగతి నాకే చెప్పేవారు. ఒకసారి పేర్చిన వరుస మీద నుంచి పెట్టె జారుతుంటే, పక్కనే ఉన్న పెద్దామెను కాదని షెడ్డు ఆ చివరనున్న నన్ను పిలిచారు. పెట్టె కాస్తా కింద పడింది.

"పడేది గూడ అమ్మకే చెప్తవా సారూ? మేం కండ్లకు కనిపిస్తలేమా?" అంది పెద్దామె. షెడ్డంతా నవ్వింది. ఆయనా నవ్వి, వంగి గుత్తులు ఏరారు.

ఆయన పోయి చాలా కాలమైంది. సంధ్యవేళ దీపం దగ్గర నేను తలుచుకునే మనుషుల్లో ఆయనొకరు. మీరు కూడా ఎప్పుడైనా ద్రాక్షగుత్తి చేతిలోకి తీసుకుంటే, ఆయనను ఒక్కసారి తలుచుకోండి.