ఒకే ఇంట్లో ఇద్దరు ప్రభావతులు

రాధాకృష్ణమూర్తి గారు సైన్యంలో ఇరవై నాలుగేళ్ళు చేశారంటే అందరూ తుపాకీ కబుర్లే అడుగుతారు. ఆయన ఎక్కువగా పట్టుకున్నది టైపు మిషను. క్లర్కుగా చేరి, హవల్దారు క్లర్కుగానే దిగిపోయారు. ఏ జవానుకి పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, ఆ సంగతి అతని సర్వీసు రికార్డుకెక్కించే కాగితం ఆయన బల్ల మీదుగానే వెళ్ళేది. ఇంట్లో పిలిచే పేరు కాదు, బడి సర్టిఫికెట్లో ఉన్న పేరు చెప్పమని ప్రతివాడికీ నూరిపోసేవారు. వినకపోతే కసిరేవారు. అంతటి మనిషీ సొంత భార్య పేరు దగ్గరికొచ్చేసరికి బోల్తా పడ్డారు.

తెలియక చేసింది కాదు. ఆయన తండ్రి సోమయాజులు గారు 1956లో గుడివాడ నుంచి గుమాస్తా ఉద్యోగం మీద వచ్చి నాంపల్లిలో కాపురం పెట్టారు. మూర్తి గారి తల్లి పేరు ప్రభావతి. 1981లో మూర్తి గారికి కుదిరిన పెళ్ళికూతురి పేరూ ప్రభావతే. కొడుకు పెళ్ళాన్ని కేకేస్తే తల్లి పలికే ఇల్లు ఎక్కడైనా ఉందా అని మేనత్త పంచాయితీ పెట్టింది, తీర్పూ తనే చెప్పింది. అత్తవారింట్లో కాలు పెట్టిన రోజునే కొత్త కోడలు వసుమతి అయిపోయింది. ఆ అమ్మాయిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడగాలని ఎవరికీ తోచనూ లేదు.

సెలవు అయిపోయి అంబాలాలోని యూనిట్‌కి వెళ్ళాక మూర్తి గారు తన పెళ్ళి కాగితం తనే టైపు చేసుకున్నారు. భార్య పేరు అన్న చోట చేతులు ఆగాయి. పై గడిలో తల్లి పేరు ప్రభావతి అని ఉంది. కింది గడిలో మళ్ళీ అదే పేరు కొట్టడానికి వేళ్ళు రాలేదు. వసుమతి అని కొట్టేసి, సంతకం పెట్టించి పంపేశారు.

నలభై ఏళ్ళకి పైగా ఆ పేరు జోలికి ఎవరూ పోలేదు. పోయినేడు గుండెకి స్టెంటు వేయించుకుని మంచం మీద ఉన్నప్పుడు ఆయనకి తట్టింది. తను పోతే ఫ్యామిలీ పెన్షను వసుమతికి రావాలి. ఆవిడ పదో తరగతి సర్టిఫికెట్టు, ఆధారు, బ్యాంకు పుస్తకం అన్నీ ప్రభావతి పేరు మీద ఉన్నాయి. వసుమతి అనే మనిషి ఆ ఒక్క రికార్డులో తప్ప ఎక్కడా లేదు. భర్త పోయిన ఆడమనిషి ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆయన పెళ్ళాన్ని నేనేనని రుజువు చేసుకోవాలి. ఆ తలంపుకి మూర్తి గారికి కంటి మీద కునుకు పట్టలేదు. ఆవిడ మాత్రం ముందు మాత్ర వేసుకోండి, పోయే సంగతి తరవాత చూద్దాం అంది.

లేచి తిరగగలిగిన రోజునే నాంపల్లి కోర్టు దగ్గర టైపు చేసే శ్యామ్‌సుందర్ దగ్గరికి వెళ్ళారు. అతను ముప్పై ఏళ్ళుగా జనం అర్జీలు కొడుతున్న మనిషి. ఇద్దరూ కలిసి అఫిడవిట్ తయారుచేశారు, రెండు పేపర్లలో ప్రకటన వేయించారు. మూర్తి గారు సైనిక సంక్షేమ కార్యాలయంలో సంతకం చేయించుకుని, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి సైన్యం రికార్డు ఆఫీసుకి స్పీడ్ పోస్టు చేసి వచ్చారు. రెండు నెలలకి అర్జీ తిరిగొచ్చింది. మీరు కోరిన పేరు మా రికార్డు ప్రకారం మీ తల్లిది, తల్లి పేరు పొరపాటున భార్య పేరుగా రాసినట్టున్నారు, కాకపోతే పెళ్ళినాటి రుజువు పంపండి అని అందులో ఉంది.

మూర్తి గారికి కోపం వచ్చింది. అయితే ఎవరి మీద చూపించాలో తెలియలేదు. వాళ్ళ బల్ల ముందు తను కూర్చున్నా అదే రాసి ఉండేవారు. కాగితం తీసుకెళ్ళి శ్యామ్‌సుందర్ ముందు పెట్టారు.

"ఆల్ల తప్పేం లేదు సార్. మీ ఇంట్ల ఇద్దరు ప్రభావతులు ఉన్నరని ఆల్లకెట్ల తెలుస్తది?" అన్నాడు శ్యామ్‌సుందర్. "పెండ్లి పత్రిక ఉందా? గండ్ల అత్త పేరు, కోడలి పేరు రెండూ ఉంటయి. పెండ్లి తారీఖు మీ రికార్డుల తారీఖుతోని కలిస్తే ఇంక ఫికరే లేదు."

ఉంటే కదా! మిగిలిన శుభలేఖల వెనక వైపు తెల్లగా ఉందని కూతురు మృదుల చిన్నప్పుడు ఎక్కాలు రాసి రాసి అన్నీ అవగొట్టింది. మూర్తి గారు చుట్టాలందరికీ ఫోన్లు చేశారు. నలభై ఏళ్ళ నాటి శుభలేఖా అని నవ్వినవాళ్ళే తప్ప ఉందన్నవాళ్ళు లేరు. ఆఖరికి, ఖైరతాబాద్‌లో ఉంటున్న బాలరాజు గుర్తొచ్చాడు. యూనిట్‌లో డ్రైవరుగా చేసినవాడు. పెళ్ళికి పిలిచినా సెలవు దొరక్క రాలేకపోయాడు. మూర్తి గారు పెద్దగా ఆశ లేకుండానే అడిగారు. చూస్త అన్నా అని ఫోను పెట్టేశాడు బాలరాజు.

మర్నాడు పొద్దున్నే, మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కి, మనిషే దిగాడు. సంచీలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి పోస్టు కవరు, అందులోంచి పసుపు అంటిన శుభలేఖ తీశాడు. ఆహ్వానించేవారు సోమయాజులు, ప్రభావతి దంపతులు. పెళ్ళికూతురు చి.ల.సౌ. ప్రభావతి. మూర్తి గారు రెండు పేర్లూ వేలితో తడిమి చూసుకున్నారు. ఇన్నాళ్ళు ఎలా దాచావయ్యా అన్నారు.

"నాకు పోస్టుల వచ్చిన మొదటి పెండ్లి పత్రిక గిదే అన్నా. కవరు మీద 'శ్రీయుత బాలరాజు గారికి' అని రాసినవ్. గప్పటిదాంక నన్ను గారు అన్నోడు లేడు. ఎట్ల పారేస్త?"

ఆ కవరు రాసినట్టే మూర్తి గారికి గుర్తులేదు. బాలరాజుని మొజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్ళి ఐస్‌క్రీమ్ తినిపించి, డాక్టరు వద్దన్నా తనూ తిన్నారు. శ్యామ్‌సుందర్ ఆ శుభలేఖని అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులోకి మార్చి నోటరీ చేయించాడు. అర్జీ మళ్ళీ వెళ్ళింది.

ఈసారి జవాబు నలభై రోజుల్లో వచ్చింది. భార్య: ప్రభావతి. మూర్తి గారు గుమ్మంలోనే కవరు చింపి, నిలబడే మూడుసార్లు చదువుకున్నారు. శ్యామ్‌సుందర్‌కి, బాలరాజుకి, ఎక్కడో కూర్చుని ఆ రెండు పేర్లూ ఓపిగ్గా చూసిన పేరు తెలియని గుమాస్తాకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నారు. ఇక తను ఎప్పుడు పోయినా ఆవిడ ఎవరి ముందూ నిలబడనక్కర్లేదు. ఇంతకాలం ఏమే, ఇదిగో అంటూ నెట్టుకొచ్చిన మనిషి, ఆ సంతోషంలో ధైర్యం చేసి లోపలికి కేకేశారు.

"ప్రభావతీ."

"వస్తున్నానండీ" అంది ఆవిడ వంటింట్లోంచి. ఉలిక్కిపడలేదు, ఎవర్ని అనీ అడగలేదు. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కాగితం అందుకుని, కళ్ళజోడు లేకుండానే చదవబోయింది.

కొత్తగా లేదా అని అడిగారాయన.

"కొత్తేముంది? మీరు అంబాలాలో ఉన్నన్నాళ్ళూ అత్తయ్యగారు నన్ను అలాగే పిలిచేవారు. మీరు సెలవుకి వచ్చినప్పుడే వసుమతి. పుట్టింట్లో పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు లేకపోతే మనిషి బెంగపడుతుంది అనేవారు. పోయే ముందు రోజు కూడా మంచినీళ్ళు అడిగింది ఆ పేరుతోనే."

ఆ మాట ఇన్నేళ్ళలో తనకెందుకు చెప్పలేదని అడుగుదామనుకున్నారు మూర్తి గారు. తల్లి పోయి ఇరవై ఏళ్ళు దాటింది. తల్లి మీద తనకి ఇంత ప్రేమ ఇంకా మిగిలి ఉందని ఆయనకి ఆ క్షణం దాకా తెలియదు. పక్కన కూర్చుని, భార్య చేతిలోని కాగితం తనే తీసుకుని, ఆవిడకి వినబడేలా పైకి చదివారు.